ఆగు ఆగలేదు

ఆ రోజు ఉదయం గణపతిరావు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. జిల్లా నుంచి తనిఖీ అధికారి వస్తారు. పార్కులోని కొలంబస్ ఓడ ఊగుతుంది. చెప్పగానే ఆగుతుంది. ఆయన తలూపి, "ఇక తెరుచుకోండి" అంటారు. ఆ తర్వాత చేపల పులుసుతో భోజనం. ఇంత తేలికైన పని చెడిపోవాలంటే ఎవరో ఒకరు బాగా కష్టపడాలి. గణపతిరావు కష్టపడే మనిషి.

కోటబొమ్మాళి నుంచి నౌపడ వెళ్ళే దారిలో, వరి చేల మధ్య, 'గణపతి గ్లోబల్ ఫన్ వరల్డ్' అనే బోర్డు రెండేళ్ళుగా ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఉంది. లోపల ఒక కొలంబస్ ఓడ, ఒక రంగులరాట్నం, కూర్చున్నవాళ్ళను గిర్రున తిప్పే పెద్ద పెద్ద టీ కప్పులు, మోకాలి లోతు నీళ్ళున్న ఈత తొట్టి ఉన్నాయి. గ్లోబల్ అనే మాట ప్రహరీ గోడ దాటి ఇంకా బయటికి వెళ్ళలేదు. ఎందుకంటే, రైడ్లు నడపడానికి అనుమతి రాలేదు. మొదటి ఏడాది బోల్టులు బాగాలేవన్నారు. రెండో ఏడాది బోల్టులు బాగున్నాయి గాని, నడిపేవాళ్ళు బాగాలేరన్నారు.

పార్కు గణపతిరావుదే అయినా, కింద ఉన్న నేల ఆయన తల్లి దేముడమ్మది. ఆవిడకు ఓడల మీద మొదటి నుంచీ నమ్మకం లేదు. పొలంలో నిలబెట్టిన ఓడ మీద అసలే లేదు.

"ఒరే గణపతీ, ఈ ఏసంగిలోన నీ పార్కు తెరిస్తే తెరిసినట్టు. నేకపోతే తొలకరికి ట్రాక్టరెట్టించి దున్నించీస్తాను. నీ ఓడలోన పశువుల్ని కట్టీసుకుందాం. ఆటికీ సరదాగా ఉంటాది," అని ఆవిడ నలుగురిలో చెప్పేసింది. చెప్పి ఊరుకోకుండా ట్రాక్టరు మనిషితో మాట్లాడి పెట్టుకుంది కూడా. అంచేత ఈసారి అనుమతి రాకపోతే గణపతిరావు మళ్ళీ వరి రైతు అయిపోతాడు. ఆయనకు ప్రపంచంలో అంతకంటే భయమైన విషయం ఇంకొకటి లేదు.

నడిపేవాళ్ళు బాగాలేరన్న లోటును అల్లుడు పృథ్వీరాజ్ పూడ్చాడు. అతను విశాఖపట్నంలో ఎంబీఏ చదివాడు కాబట్టి ఏ విషయాన్నీ తేలిగ్గా చూడలేడు.

"మావయ్యగారూ, ఫారిన్ వాళ్ళను పెడదాం. సీజను మూడు నెలలకీ వచ్చి పనిచేసి వెళ్ళిపోతారు. ఆఫీసర్లు నోరెత్తరు, జనాలు ఎగబడతారు," అన్నాడు.

ఏజెంటు ఆరుగురిని పంపిస్తానన్నాడు. ఒక్కడు వచ్చాడు. అతనిది ఎస్టోనియా. ఆ దేశం ఎక్కడుందని ఊళ్ళోవాళ్ళు అడిగితే గణపతిరావు, "లండన్ దాటీసాక ఎడమసేతి పక్క" అని చెప్పేవాడు. కుర్రాడు పొడుగ్గా, తెల్లగా, నెమ్మదిగా ఉన్నాడు. వచ్చిన మర్నాటికే మన ఎండకు ఉడికించిన రొయ్యలా ఎర్రబడ్డాడు. అయినా పనిలో వంక పెట్టడానికి లేదు. రైడ్లు నడపడంలో వాళ్ళ దేశంలో పరీక్ష పాసయ్యాడు. ఏ పని చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. అతని పేరు ఆగు.

వాళ్ళ భాషలో ఆ మాటకు తెల్లవారుజాము అని అర్థమట. మన భాషలో ఏమిటి అర్థమో అతనికి ఎవరూ చెప్పలేదు. ఫారిన్ పేరు కదా, స్టైలుగా ఉందనుకున్నారు.

పృథ్వీరాజ్ అతనికి ఇంగ్లీషులో పని నేర్పాడు. ఇద్దరి ఇంగ్లీషూ రెండు వేర్వేరు ఊళ్ళ నుంచి బయల్దేరి అప్పుడప్పుడు దారిలో కలుసుకునేది. అలా కలుసుకున్నప్పుడు అర్థమైన సూత్రం ఒకటుంది: ఓడ ఎక్కినవాళ్ళు కేకలు వేస్తే భయపడుతున్నారని కాదు, సంతోషిస్తున్నారని. కేకలు పెరిగితే స్పీడు పెంచాలి.

అనుమతి రాకముందే ఊరివాళ్ళను ఊరికే ఎక్కించి ట్రయల్ వేశారు. ఆగు ఓడను ఊపుతున్నాడు. ఈత తొట్టి దగ్గర కూర్మమ్మ అనే ఆవిడ, తడి కాళ్ళతో పరుగెడుతున్న మనవణ్ణి చూసి, "ఒరే, ఆగు!" అని అరిచింది. ఓడ హ్యాండిలు వదిలేసి ఆగు పరుగున వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"ఓలమ్మ, నిన్ను కాదు బాబూ! నా మనవణ్ణి," అంది కూర్మమ్మ.

అతనికి అర్థం కాలేదు గాని, నవ్వాడు. ఇంతలో గేటు దగ్గర ఎవరో ఆటోవాణ్ణి "ఆగాగు!" అన్నారు. రెండుసార్లు పిలిచారంటే తొందరేమోనని అతను అక్కడికి ఇంకా వేగంగా పరుగెత్తాడు. అటు నుంచి టీ కప్పుల దగ్గరికి, టీ కప్పుల దగ్గర నుంచి చెప్పుల స్టాండు దగ్గరికి. ఓడ మాత్రం తనపాటికి తాను ఊగుతూనే ఉంది. సాయంత్రానికి ఆగు చెమటలు కక్కుతూ, కళ్ళు మెరిపిస్తూ పృథ్వీరాజ్‌తో ఒక మాట చెప్పాడు. వాళ్ళ దేశంలో పక్కింటివాళ్ళకు కూడా తన పేరు తెలియదట. ఇక్కడ మాత్రం ఊరు ఊరంతా, చంటిపిల్లలతో సహా, తనను పేరుపెట్టి పిలుస్తున్నారట. ఇంత ప్రేమ ఎక్కడా చూడలేదట.

ఆ మాట విని పృథ్వీరాజ్‌కు నిజం చెప్పడానికి మనసొప్పలేదు. అందుకని బోర్డు రాయించాడు. 'ఈ ఆవరణలో ఆగు అనరాదు' అని ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలు. మన జిల్లాలో అక్షరాస్యత పెరిగింది కాబట్టి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ బోర్డు ముందు నిలబడి పైకి చదివారు. ఆగు ఆ పూటంతా బోర్డు దగ్గరికే పరుగులు పెట్టాడు.

సంగతి ఇలా ఉండగా తనిఖీ రోజు వచ్చింది. అధికారి వచ్చేలోగా ఏదో ఒకటి చెయ్యాలి.

"అల్లుడుగారూ, ఈడి పేరు మార్సీండి," అన్నాడు గణపతిరావు.

"పాస్‌పోర్టులో మార్చడం కష్టం మావయ్యగారూ."

"పాస్‌పోర్టులోన ఎవుడు మార్సమన్నాడండీ? మన నోట్లోన మార్సమంతన్నాను. ఇయాల్టి నుంచి ఈడు దేవేంద్ర. తెల్లగా ఉన్నాడు, సరిపోతాది."

పృథ్వీరాజ్ ఇంగ్లీషులో ఆ కుర్రాడికి రెండు నియమాలు బోధించాడు. ఎవరైనా 'దేవేంద్రా' అంటే ఉన్నపళాన పరుగెత్తుకెళ్ళి నమస్కారం పెట్టాలి. ఎవరైనా 'ఆగు' అంటే చెవిటివాడైపోవాలి. ఎవరన్నా సరే, ఎంత గట్టిగా అన్నా సరే, ఏడుస్తూ అన్నా సరే, కదలకూడదు. ఎస్టోనియా చెవికి 'ఆగు', 'ఆపు' ఒకేలా వినిపిస్తాయి కాబట్టి రెండో నియమంలో ఆ రెండు మాటలూ కలిసిపోయాయి.

నేర్చుకున్నాడో లేదో చూడటానికి గణపతిరావు స్వయంగా పరీక్ష పెట్టాడు. అతని వెనక నిలబడి "ఆగు" అన్నాడు. ముందుకొచ్చి "ఆగెహే!" అన్నాడు. బతిమాలాడు, బెదిరించాడు, చెవిలో నోరు పెట్టి అరిచాడు. కుర్రాడు రాతి బొమ్మలా నిలబడ్డాడు. గణపతిరావు ఆనందానికి అంతులేదు. ఆ ఆనందంలో, ఓడను ఆపించడానికి ఇంక తెలుగులో ఏ మాట మిగిలిందన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

అంతలో దేముడమ్మ వంటింటి కబురు తెచ్చింది. పులుసుకు తెచ్చిన చేపలు చిన్నవైపోయాయట. ఆఫీసరు విస్తట్లో పిల్లచేపలు వేస్తే పరువేముంటుంది? పెద్ద చేప కోసం పృథ్వీరాజ్ బండి వేసుకుని భావనపాడు వెళ్ళాడు. దాంతో పార్కులో ఉన్న ఇంగ్లీషు మొత్తం బండెక్కి వెళ్ళిపోయింది.

అధికారి పేరు యుగంధర్. సన్నగా, జాగ్రత్తగా ఉండే మనిషి. నేల మీద నడిచేటప్పుడు కూడా ముందు అడుగు గట్టిదో కాదో చూసుకుని వెనక అడుగు ఎత్తుతారు. ఆయనతో పాటు డ్రైవరు కూడా వచ్చాడు. వచ్చీరాగానే గేటు దగ్గర నీడ చూసుకుని దేముడమ్మ పక్కన కూలబడి, ఆవిడ కత్తితో కోసి ఇస్తున్న తాటిముంజలు తినసాగాడు. డ్రైవరు పేరు ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

యుగంధర్ గారు ప్రతి బోల్టునూ పెన్నుతో తట్టి చూశారు. గణపతిరావు వెనకాలే తిరుగుతూ, "జనరేటరు కూడా ఉన్నాది సార్. దానిపాటికి అదే ఆనయిపోతాది. కరెంటు పోయినట్టు కూడా తెలీదు," అని గొప్పలు చెప్పాడు.

"బాగుందండీ. అంతా బాగుంది. ఇక ఓడ ఒక్కసారి నడిపి, ఆపి చూపించండి. కింద నుంచే చూస్తాను," అన్నారు యుగంధర్ గారు.

ఇక్కడ నోరు మూసుకుని ఉంటే చాలు. కాని ముందే చెప్పుకున్నాం, గణపతిరావు కష్టపడే మనిషి.

"కిందనుండి సూస్తే ఏటి తెలుస్తాది సార్? నాను కూడా ఎక్కుతాను, రండి. ఒక్కపాలి ఊగి దిగిపోదాం."

"నాకు ఉయ్యాలే పడదండీ."

"ఫారిన్ మనిషి ఊపుతన్నాడు సార్! మీరు ఎక్కనేదంటే ఆడు వాళ్ళ దేశంలోన ఏటని సెప్పుకుంతాడు?"

దేశ గౌరవం అడ్డుపడేసరికి యుగంధర్ గారు ఓడెక్కారు. ఒళ్ళోకి ఇనుప కడ్డీ దించుకుని దాన్ని రెండు చేతులా పట్టుకున్నారు. ఆగు హ్యాండిలు ఎత్తాడు. ఓడ ముందుకు కదిలి, వెనక్కి కదిలి, నెమ్మదిగా పైకి లేవడం మొదలుపెట్టింది. మూడో ఊపుకే యుగంధర్ గారి ముఖం తెల్లబడి, ఆగు ఊళ్ళో దిగిన మొదటి రోజు రంగుకు వచ్చేసింది.

"చాలండీ, బాగుంది. ఆపమనండి," అన్నారు.

"ఆపు బాబూ!" అన్నాడు గణపతిరావు.

ఆగు విన్నాడు. వెంటనే ముఖం అటు తిప్పేసుకున్నాడు.

"ఒరే, ఆగు! ఆగెహే! ఆగు నాయనా! నీ కాల్మొక్కుతాను, ఆగురా!"

ఆగుకు అర్థమైంది. పొద్దున్న పెట్టిన పరీక్షే మళ్ళీ పెడుతున్నారు. ఈసారి పెద్ద ఆఫీసరు ముందు పెడుతున్నారు కాబట్టి యజమాని ఏడుపు కూడా చాలా సహజంగా నటిస్తున్నారు. పరీక్ష ఫెయిలయ్యే రకం కాదు అతను. పైగా కేకలు పెరుగుతున్నాయి. కేకలు పెరిగితే ఏం చెయ్యాలో అతనికి తెలుసు. హ్యాండిలు ఇంకాస్త ఎత్తాడు.

ఓడ ఆకాశానికి ముక్కు పెట్టింది. ఆ ఎత్తు నుంచి యుగంధర్ గారికి గేటు దగ్గర ముంజలు తింటున్న తన డ్రైవరు కనిపించాడు. ఆయన ప్రాణం లేచి వచ్చింది.

"దేవేంద్రా! ఒరే దేవేంద్రా! ఇలా రా!"

ఆగు హ్యాండిలు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. ఊగుతున్న ఓడ ముందు నిలబడి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. ఓడ అటు వెళ్తే అటు తిరిగి, ఇటు వస్తే ఇటు తిరిగి, మర్యాద తప్పకుండా పెడుతూనే ఉన్నాడు.

"ఆడి పేరు మీకెలగ తెలిసింది సార్?" అన్నాడు గణపతిరావు, ఆ స్థితిలో కూడా ఆశ్చర్యపోయి.

"వాడి పేరేమిటయ్యా! నా డ్రైవరు పేరు దేవేంద్ర!"

అసలు దేవేంద్ర పిలుపు విని లేచాడు కూడా. తీరా చూస్తే ఎవరో తెల్లవాడు పరుగెత్తుకెళ్ళి సారుకు దండం పెడుతున్నాడు. ఆ పిలుపు తనకు కాదనుకుని మళ్ళీ ముంజల దగ్గర కూర్చున్నాడు.

యుగంధర్ గారికి ఇంగ్లీషు బాగా వచ్చు. రిపోర్టులన్నీ అందులోనే రాస్తారు. కాని భయపడటం మాత్రం చిన్నప్పటి నుంచీ తెలుగులోనే అలవాటు. "అమ్మోయ్, బాబోయ్" తప్ప ఆయన నోట ఇంకో మాట రాలేదు. చివరికి గణపతిరావే తనకు తెలిసిన ఇంగ్లీషు బయటికి తీశాడు.

"ఇస్టాపు! ఇస్టాపు సేయరా బాబూ!"

ఆగు చెవి రిక్కించి విన్నాడు. ఇది కొత్త తెలుగు మాట. చాలా ప్రేమగా అంటున్నారు. నేర్చుకోవాలి. "ఇస్తాపు," అని అతను కూడా వంగి బదులు చెప్పి, తన స్థానానికి వెళ్ళిపోయి హ్యాండిలు మరికాస్త ఎత్తాడు.

ఇంక దేవుడే దిగిరావాలనుకుంటున్న సమయంలో కరెంటు పోయింది. ఓడ మెల్లగా కిందికి వాలింది. పుట్టి బుద్ధెరిగాక గణపతిరావు కరెంటు పోయినందుకు దండం పెట్టడం అదే మొదటిసారి. యుగంధర్ గారు కడ్డీ పైకి నెట్టి ఒక కాలు బయట పెట్టారు. రెండో కాలు లేపేలోగా షెడ్డులో జనరేటరు గుర్రుమంది. కరెంటు పోయినట్టు నిజంగానే ఎవరికీ తెలియలేదు. ఆయన కాలు లోపలికీ, కడ్డీ ఒళ్ళోకీ లాక్కున్నారో లేదో, ఓడ మళ్ళీ లేచింది.

కొడుకు అరుపులు అంతసేపటి నుంచీ దేముడమ్మకు వినబడుతూనే ఉన్నాయి. వాడు చిన్నప్పటి నుంచీ అరుస్తూనే ఉన్నాడు కాబట్టి ఆవిడ పట్టించుకోలేదు. కాని జనరేటరు చప్పుడు విన్నాక కూర్చోలేకపోయింది. ఇద్దరు మనుషుల కోసం డీజిలు కాలుతోంది! ముంజల కత్తి పట్టుకునే లేచి, చీర ఎగదోపి, చేలో పడ్డ గేదె మీదకు వెళ్ళినట్టు వెళ్ళింది.

"ఏయ్! ఏయ్! ఏయ్!"

ఆగు కొయ్యబారిపోయాడు. చేతిలో ఉన్న హ్యాండిలు దానంతట అదే కిందికి వచ్చేసింది. ఓడ ఒకసారి మూలిగి, తడబడి, ఆగిపోయింది.

"డీజిలు ఏటి, నూతిలోన ఊరతన్నాదేటిరా? ఇద్దరికోసరం అంతంత మిసను తిప్పీడవేటి?" అని ఆవిడ తన మాట పూర్తి చేసింది. ఓడ ఆగిన సంగతి ఆవిడ గమనించలేదు.

పృథ్వీరాజ్ ఒక పెద్ద చేపతో తిరిగొచ్చేసరికి యుగంధర్ గారు నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. నేలను రెండు చేతులా పట్టుకుని ఉన్నారు కూడా. రెండు సోడాలు తాగాక లేచి కూర్చుని ఆగును పిలిపించారు. పృథ్వీరాజ్ మధ్యలో నిలబడ్డాడు.

"ఆపమని అంతలా అరుస్తుంటే ఎందుకు ఆపలేదు? అడగండి."

ఆగు వినయంగా చెప్పాడు. ఆగు అంటే కదలొద్దని తనకు ఆజ్ఞ అయిందట. ఎవరి ఆజ్ఞ అని అడిగితే, మర్యాద కాబట్టి ఒక్క వేలితో కాకుండా రెండు చేతులతో గణపతిరావును చూపించాడు.

"మీరా? ఆగు అంటే ఆగొద్దని మీరు చెప్పారా?"

గణపతిరావు నేలమీద కూలబడి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. దేముడమ్మ మెల్లగా దగ్గరికొచ్చి, "అయితే బాబూ, ట్రాక్టరోడికి కబురెట్టీమంటారేటి?" అని అడిగింది.

యుగంధర్ గారు ఆవిడ వైపు తిరిగారు. ఆ ఉదయం తన ప్రాణం కాపాడింది ఆవిడే కదా.

"అమ్మా, ఇందాక మీరేమన్నారు? మీరు రాగానే ఆపేశాడు."

"నానేటన్నాను బాబూ? ఏయ్ అన్నాను."

పృథ్వీరాజ్ ఆగును అడిగాడు. ఆగు సిగ్గుపడుతూ చెప్పాడు. వాళ్ళ భాషలో 'ఎయ్' అంటే 'కాదు, వద్దు' అని అర్థమట. చిన్నప్పుడు చెయ్యకూడని పని చేస్తే వాళ్ళమ్మ సరిగ్గా ఇలాగే అరిచేదట. ఇందాక దేముడమ్మ గొంతు వినగానే వాళ్ళమ్మే వచ్చిందనుకున్నాడట. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దేముడమ్మ, "అయ్యో, పిల్లడు బెంగెట్టుకున్నాడు," అని కత్తి కింద పెట్టేసింది.

యుగంధర్ గారు గెడ్డం పట్టుకుని ఆలోచించారు. ఆయన ఇంతవరకు ఎన్నో పార్కులు చూశారు. అన్నిచోట్లా ఎర్ర బటన్లున్నాయి, వాటికింద ఎవరూ చదవని ఇంగ్లీషు ఉంది. నడిపేవాడికీ, ఎక్కేవాడికీ ఒకేసారి అర్థమయ్యే మాట ఎక్కడా లేదు. అది ఇక్కడ దొరికింది.

"అనుమతి ఇస్తాను. కాని ఒక షరతు. ఏయ్ అని వినబడిన మరుక్షణం, ఈ పార్కులో ప్రతి రైడూ ఆగిపోవాలి. ఎవరన్నా సరే, ఎందుకన్నా సరే. తేడా వస్తే మాత్రం మూసేస్తాను."

గణపతిరావు ఆయన కాళ్ళ మీద పడ్డాడు. ఆగు పేరు ఆగుకు తిరిగి ఇచ్చేశారు. కాని శిక్షణ ఎంత బాగా పట్టిందంటే, ఆ రాత్రి వాళ్ళమ్మ ఫోనులో ఆగూ అని పిలిస్తే కూడా పలకలేదట.

వారం తిరక్కుండా పార్కు తెరిచారు. నౌపడ నుంచీ కోటబొమ్మాళి నుంచీ ఆటోలు కట్టుకుని జనం విరగబడి వచ్చారు. ఓడ నిండిపోయింది, టీ కప్పులు నిండిపోయాయి. మిగతా రైడ్ల దగ్గర ఆగు నేర్పిన ఊరి కుర్రాళ్ళు నిలబడ్డారు. ఆగు హ్యాండిలు ఎత్తాడు. ఓడ జానెడు కదిలింది.

"ఏయ్ బావా, ఇటు సూడు!" అని ఎవరో మరదలు పిలిచింది. పార్కు మొత్తం ఆగిపోయింది.

మళ్ళీ నడిపారు. "ఏయ్ గుంటా, గట్టిగా పట్టుకో!" అందొక తల్లి. ఆగిపోయింది. "ఏయ్, ఎందుకాపీసినావురా?" అని ఓడలోవాళ్ళు ఆగు మీద కేకలేశారు. అప్పుడే కదలబోతున్న రంగులరాట్నం కూడా ఆగిపోయింది. మన పక్క ఏయ్ అనకుండా మొదలయ్యే మాట ఒకటుందా అని అప్పటికి గాని పృథ్వీరాజ్‌కు తోచలేదు. పేరుపెట్టి పిలవాలన్నా ఏయ్, తిట్టాలన్నా ఏయ్, ముద్దు చెయ్యాలన్నా ఏయ్. చివరికి గణపతిరావు మైకు లాక్కుని, నాలుగు మూలల స్పీకర్లూ అదిరేలా, "ఏయ్! ఎవరూ ఏయ్ అనకండి!" అని ప్రకటించాడు. దాని తర్వాత జనరేటరుకు డీజిలు పోసేవాడు కూడా భయపడి దాన్ని ఆపేశాడు.

అలాగని జనం రావడం మానలేదు. ఓడలో కూర్చుంటే గాలి బాగా వేస్తుందని పేరొచ్చింది. క్యారేజీలు తెచ్చుకుని అందులోనే భోజనాలు చేసి, ఓ కునుకు తీసి వెళ్ళేవారు. సీజను చివర యుగంధర్ గారు మరోసారి వచ్చి, ఆగిన ఓడలో తానూ కాసేపు హాయిగా కూర్చుని, తన సర్వీసులో ఒక్కరికి కూడా కళ్ళు తిరగని పార్కు ఇదొక్కటేనని మెచ్చుకున్నారు.